తాటాకు నుండి తెర వఱకు

"ఇక పత్రికలు అచ్చగుట ఎన్నాళ్లు? అన్నియు సెల్‌ఫోనులోనే చదువుకొనవచ్చును గదా" అను మాట నేడు గ్రంథాలయపు అరుగులపై తఱచు వినవచ్చుచున్నది. చదువు ఒక పరికరమును విడిచి మఱియొకదానిని పట్టుట కడప సీమ ఇంతకుముందే చూచియున్నది.

పూర్వము మన గ్రామములలో కావ్యము తాటాకుపై నుండెడిది. లెక్క కడితముపై నుండెడిది. గుడ్డకు చింతగింజల జిగురును, బొగ్గుపొడిని పట్టించి, ఆరిన పిదప బలపముతో వ్రాసెడివారు. 1800లో నైజాము కడప, బళ్లారి మొదలగు సీమలను ఇంగ్లీషువారికి వదలుకొనెను. పిమ్మట కర్నల్ కాలిన్ మెకంజీ మనుష్యులు ఊరూరు తిరిగి, కరణముల కవిలెలనుండి కైఫీయతులు వ్రాయించిరి. 1821లో మెకంజీ మరణించెను. ఆ కాగితములు శిథిలమగుచుండగా వానికి మరల ప్రతులు వ్రాయించినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. మూల కవిలెలు పెక్కు నేడు లభింపవు. ఒక గ్రామము తన చెఱువు కథను, గుడి కథను చెప్పుకొనగలుగుచున్నదన్న, అది ఎత్తి వ్రాసినవాని పుణ్యమే.

బ్రౌను 1820లో కడపకు ఉద్యోగియై వచ్చెను. 1826లో మరల వచ్చి, ఇచ్చట బంగళా కొని, పండితులను లేఖకులను స్వంత ధనముతో పోషించి అప్పులపాలయ్యెను. అయోధ్యాపురము కృష్ణారెడ్డి ఆ పనికి పెద్ద. పెక్కు తాటాకు ప్రతులను ఎదుట పెట్టుకొని, పాఠములు పోల్చి, కాగితముపై శుద్ధప్రతి వ్రాయుట వారి నిత్యకృత్యము. 1829లో వేమన పద్యములు చెన్నపట్టణమున అచ్చయ్యెను. అచ్చు వచ్చినంతనే తాటాకు మాయము కాలేదు. మెల్లగా ఘంటము పట్టువారు తఱిగిరి. పాతబడిన ఆకునకు క్రొత్త ఆకు వ్రాయువాడు లేకపోయెను. అచ్చుకెక్కని గ్రంథములు ఎన్ని అటుకలపై పొడియైపోయెనో!

పత్రిక సంగతి కొంత వేఱు. కర్నూలున 1883లో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు, 1908లో విజయవాడ 'స్వరాజ్య' పత్రికలోని వ్యాసమునకు రాజద్రోహ నేరముపై కారాగారమునకు పోయిరి. వారే తరువాత గ్రంథాలయోద్యమమునకు నాయకులైరి. వ్రాసినవానిని బంధింపగలిగిన ప్రభుత్వము, ఇంటింటికి చేరిన అచ్చు కాగితమును మాత్రము చెఱుపలేకపోయెను. తెరపై ఉదయము కనబడిన వార్త సాయంకాలమునకు మాఱియుండవచ్చును. మాఱినదను గుర్తైనను మిగులకపోవచ్చును.

అచ్చు పత్రికల కష్టములన్నిటికి సెల్‌ఫోనునే నిందించుట కూడ న్యాయము కాదు. 1908లో పుట్టిన ఆంధ్రపత్రిక 1991లో ఆగినప్పుడు మన దేశమునకు సెల్‌ఫోను రానేలేదు. 2020లో కరోనా వ్యాపించినపుడు మాత్రము పెక్కు తెలుగు పత్రికలు ముద్రణ మానెను. 1947లో వెలువడిన చందమామ నేడు అచ్చు కాదు; దాని పాత సంచికలను పిల్లలు తెరపై చదువుచున్నారు. ఎవరో ఓపికతో పుట పుటకు ఛాయాచిత్రము తీసినందుననే అది సాధ్యమైనది. బ్రౌను లేఖకులు చేసినదియు అట్టి పనియే.

గ్రామ లెక్కలును ఈ దారినే నడచినవి. 1984లో కరణీకములు రద్దయ్యెను. 2015 నుండి అడంగలు 'మీభూమి' తెరపై కనబడుచున్నది. అయినను గట్టు తగాదా వచ్చినపుడు రైతు పాత కాగితమునే వెదకును.

కడప ఎఱ్ఱముక్కపల్లెలో బ్రౌను బంగళా యున్నచోట ఆయన పేరిటి గ్రంథాలయము వెలసినది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి దానికై ఎంతో శ్రమించిరి. 2006 నుండి అది యోగి వేమన విశ్వవిద్యాలయము క్రింద నున్నది. తాళపత్రములును అచ్చు పుస్తకములును అందు ఒకే కప్పు క్రింద నున్నవి.

మన గ్రంథాలయములలో పాత దినపత్రికలు తూకమునకు పోవుట మామూలు. వానలు తప్పిన ఏడు, బోరు ఎండిన చేను, వేరుశనగ ధర పడిపోయిన సంత, ఇవి జిల్లా పుటలలో తప్ప మఱెక్కడను వ్రాయబడవు. ఆ పుటలు తెరపై ఎన్నాళ్లు నిలుచునో పత్రికవారి చిత్తము. తక్కెడకెక్కించుటకు ముందు ఊరి పేరున్న పుటలనైన కత్తిరించి ఏటికొక కట్ట కట్టించుట పెద్ద వ్యయము కాదు. ఒక బీరువా అఱ చాలును.