ఇరుకు ఎక్కడ? – పాత కంప్యూటరుకు వేగము తెచ్చిన చరిత్ర

ఫిబ్రవరి నెల మొదలుకొని ఏప్రిల్ వరకు గుంటూరు మిర్చి యార్డుకు పోయినవారికి ఒక దృశ్యము పరిచితమే. టిక్కీలు నింపుకొన్న లారీలు వరుసగా నిలిచి ఉండును. హమాలీలు ఉందురు, కొనువారు ఉందురు, డబ్బును ఉండును. కాని కాటా వద్ద పని మందగించిన దినమున లారీ కదలదు. అట్టి దినమున మరి పదిమంది హమాలీలను పిలిపించినను ప్రయోజనము లేదు. వారును వచ్చి కాటా ప్రక్కనే కూర్చుందురు. ఇరుకు ఎక్కడ ఉన్నదో అక్కడ వెడల్పు చేసిననే గాని బాట సాగదు.

ఇంటిలోని పాత కంప్యూటరు కథయు ఇట్టిదే. పది పన్నెండు సంవత్సరముల క్రిందట కొన్న యంత్రము మీట నొక్కిన పిమ్మట తెర వెలుగుటకే అయిదు నిమిషములు తీసికొనుచున్నదనిన, దానిని ‘ముసలిదైనది’ అని మూలకు నెట్టుట పరిపాటి. నిజమునకు దానిలో ముసలిదైనది ఏ భాగము? ఈ ప్రశ్నకు సమాధానము కంప్యూటరుల చరిత్రలోనే ఉన్నది. ఆ చరిత్ర తెలిసిన గృహస్థు పెద్ద ఖర్చు తప్పించుకొనగలడు.

ప్రత్తి నేర్పిన పాఠము

ఇరుకు ఒకచోట తొలగిన మరియొకచోట ప్రత్యక్షమగునని ప్రపంచమునకు మొదట నేర్పినది ప్రత్తియే. 1733 లో ఇంగ్లండులో జాన్ కే ఎగురు నాడెను కనిపెట్టెను. మగ్గము వేగము పెరిగినది, నూలు చాలక నేతగాండ్రు చేతులు ముడుచుకొని కూర్చొనవలసి వచ్చినది. 1764 ప్రాంతమున హార్‌గ్రీవ్స్, 1769 లో ఆర్క్‌రైట్, 1779 లో క్రాంప్టన్ వడుకు యంత్రములు తెచ్చిరి. అప్పుడు నూలు మిగిలి మగ్గము వెనుకబడినది. 1785 లో కార్ట్‌రైట్ మరమగ్గమును నిర్మించెను. మిల్లుల ఆకలి పెరిగిన కొలది గింజ తీసిన దూది కొరవడినది. 1793 లో అమెరికాలో విట్నీ గింజలు వేరుచేయు జిన్నింగు యంత్రమును తయారు చేసెను. ప్రతి పర్యాయమును మేలు కలిగించినది అన్నిటికంటె పెద్ద యంత్రము కాదు, ఆనాటి ఇరుకును తొలగించిన యంత్రము.

ఈ సత్యమునే 1967 లో జీన్ ఆమ్డాల్ అను అమెరికా ఇంజనీరు కంప్యూటరులకు అన్వయించి చెప్పెను. ఈయన 1964 లో వెలువడిన ఐ.బి.ఎం. సిస్టం 360 యంత్రశ్రేణి రూపకర్తలలో ముఖ్యుడు. ఒక పనిలో ఒక భాగమును ఎంత వేగపరచినను, మిగిలిన భాగము తీసికొను కాలము కంటె తక్కువ కాలములో ఆ పని ముగియదు. దీనినే ఆమ్డాల్ నియమమందురు.

ఒక ఉదాహరణము చూడుడు. ఒక కంప్యూటరు పనికి సిద్ధమగుటకు 100 సెకనులు పట్టుననుకొందము. అందులో 80 సెకనులు డిస్కు నుండి సమాచారము కొరకు ఎదురుచూపు, 20 సెకనులు ప్రాసెసరు చేయు లెక్క. ప్రాసెసరును రెండింతలు వేగవంతమైనదానితో మార్చిన 80, 10 కలిసి 90 సెకనులు. ప్రాసెసరును కదపక డిస్కును పదింతలు వేగవంతము చేసిన 8, 20 కలిసి 28 సెకనులు మాత్రమే. ఖరీదైన మార్పు పదవవంతు లాభము నిచ్చినది. ఇరుకును గుర్తించి చేసిన మార్పు కాలమును మూడవవంతు కంటె తక్కువకు దించినది.

తిరుగుడు పళ్లెముల శకము

డిస్కు ఇంత వెనుకబడుటకు కారణమేమి? 1956 లో ఐ.బి.ఎం. సంస్థ రామాక్ అను యంత్రమును ప్రకటించెను. హార్డు డిస్కుతో కూడిన మొదటి కంప్యూటరు ఇదియే. 24 అంగుళముల వ్యాసము గల 50 పళ్లెములు నిమిషమునకు 1200 చుట్లు తిరుగుచు, 50 లక్షల అక్షరములను నిలువ చేసెడివి. కోరిన అక్షరము చేతికి వచ్చుటకు సగటున 600 మిల్లీ సెకనులు పట్టెడిది.

ఇంటి కంప్యూటరులలోని సామాన్యమైన హార్డు డిస్కు నిమిషమునకు 7200 చుట్లు తిరుగును. అనగా సెకనునకు 120 చుట్లు. కోరిన చోటు సూది క్రిందకు వచ్చుటకు సగటున అరచుట్టు, అనగా 4 మిల్లీ సెకనులకు పైగా కావలెను. సూది ఆ వరుసకు జరుగుటకు మరి 9 మిల్లీ సెకనులు చేర్చిన మొత్తము 13 అగును. రామాక్ నాటి నుండి ఈ ఎదురుచూపు తగ్గినది సుమారు 50 రెట్లు మాత్రమే. ప్రాసెసరు మాటో? 1971 నాటి ఇంటెల్ 4004 సెకనునకు 7 లక్షల 40 వేల స్పందనములతో పనిచేసెను. తరువాతి కాలపు ప్రాసెసరులు 300 కోట్లు దాటినవి. ఇది నాలుగువేల రెట్ల పెరుగుదల. ఒకటి విమానమైనది, ఒకటి ఎడ్లబండిగనే మిగిలినది. తిరుగు పళ్లెమునకు బరువు ఉన్నది, సూదికి జడత్వమున్నది, అందువలన దాని వేగమునకు హద్దు తప్పదు. సెకనునకు 200 కోట్ల స్పందనములు గల పాత ప్రాసెసరు కూడ డిస్కు కొరకు వేచియుండు ఒక్కొక్క సారి 2 కోట్ల 60 లక్షల స్పందనములను వృథా చేసికొనుచున్నది.

ఈ హద్దును దాటించినది తిరుగని నిలువ. జపానులో తోషిబా సంస్థలో పనిచేసిన ఫుజియో మసువోకా 1984 లో ఫ్లాష్ మెమరీని లోకమునకు వెల్లడించెను. దానియందలి నాండ్ అను రకము 1987 లో వచ్చినది. ఇందు విద్యుదావేశమును సన్నని పొరల నడుమ బంధింతురు. విద్యుత్తు పోయినను ఆవేశము నిలుచును. తిరుగు భాగమేదియు లేదు. దీనితో చేసినదే ఎస్.ఎస్.డి. దీనిలో కోరిన సమాచారము మిల్లీ సెకనులో సుమారు పదవవంతు కాలమునకే లభించును. 2008 నుండి ఇది ఇంటి కంప్యూటరులకు అందసాగినది. 2003 తరువాత వాడుకలోనికి వచ్చిన సాటా తీగ గల యంత్రములలో, మరమేకులు విప్పి పాత డిస్కు స్థానమున దీనిని అమర్చవచ్చును. తీగ పాతదైనచో దీని పూర్తివేగము అందదు. అయినను ఎదురుచూపు తగ్గుట అనెడి అసలు లాభము అందును.

కల్లము చాలని రైతు

రెండవ ఇరుకు జ్ఞాపకశక్తి, అనగా ర్యాము. హార్డు డిస్కు శీతల గిడ్డంగి వంటిదైన, ర్యాము రైతు కల్లము వంటిది. అప్పటికి కావలసిన సరకు కల్లములో పరచి ఉండవలెను. కల్లము చిన్నదైన కొంత సరకు గిడ్డంగికి పంపి, మరి కొంత తెప్పించి, మరల దానిని పంపి, దీనిని తెప్పింపవలసి వచ్చును. రోజంతయు బండ్లు తిరుగునే గాని కాయ ఎండదు.

ఈ పంపకమును మొదట స్వయముగా నిర్వహించిన యంత్రము 1962 లో ఇంగ్లండులోని మాంచెస్టరులో ఆరంభమైన అట్లాస్. టామ్ కిల్బర్న్ బృందము దానిలో 16 వేల పదముల అయస్కాంత జ్ఞాపకమును, 96 వేల పదముల తిరుగుడు పీపాను కలిపి, కార్యక్రమము వ్రాయువానికి ఒకే పెద్ద జ్ఞాపకమువలె కనబడునట్లు చేసిరి. ఈ ఉపాయము ఎంత గొప్పదో అంత ప్రమాదకరము కూడ. పనులు ఎక్కువైనపుడు యంత్రము పని మాని పంపకములోనే మునిగిపోవును. దీని కారణమును 1968 లో పీటర్ డెన్నింగ్ విశదపరచెను. ప్రతి పనికి ఏ క్షణమునైనను కనీసము ఇంత సరకు కల్లములో ఉండి తీరవలెను, అది లేనిచో పని సాగదు.

ఇంటి కంప్యూటరులో ఈ ‘కనీసము’ పెరుగుచు వచ్చినది. విండోస్ 1995 లో కోరిన కనీస ర్యాము 4 మెగాబైట్లు. 2001 నాటి ఎక్స్.పి. 64 మెగాబైట్లు, 2009 నాటి ఏడవ విండోస్ 1 గిగాబైటు, 2021 నాటి పదునొకండవ విండోస్ 4 గిగాబైట్లు కోరినవి. 26 సంవత్సరములలో 1024 రెట్లు! యంత్రము మందగించినదని అనుకొనుటకంటె, దాని నెత్తిన బరువు పెరిగినదనుట సత్యమునకు దగ్గర. స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు నిక్లౌస్ విర్త్ 1995 లోనే ఈ పోకడను నిరసించి, సన్నని కార్యక్రమములు వ్రాయుడని వేడుకొనెను.

ఎండ, దూది, దుమ్ము

ప్రత్తి మిరప సీమకు ప్రత్యేకమైన ఇరుకు మరియొకటి ఉన్నది. ప్రాసెసరు వేడెక్కినపుడు, అనగా లోపలి ఉష్ణము సుమారు 100 డిగ్రీల సెంటిగ్రేడును సమీపించినపుడు, తన్ను తాను కాపాడుకొనుటకు వేగమును తానే తగ్గించుకొనును. రెంటచింతల వంటి ఎండకు పేరుపడిన ఊళ్లలో, జిన్నింగు మిల్లుల నూగు గాలిలో తేలు వీధులలో, పంకా రెక్కలకు, లోహపు పలకల సందులకు దూది దుమ్ము మెత్తగా పట్టును. గాలి ఆడదు, వేడి పోదు, యంత్రము నడుమ నడుమ నీరసించును. విద్యుత్తు పూర్తిగా తీసివేసి, మెత్తని కుంచెతో దుమ్ము తుడిచి, ఎండిపోయిన థర్మల్ పేస్టును మార్చిన పోయిన వేగము తిరిగి వచ్చును. దీనికగు ఖర్చు అత్యల్పము. కావున ఏ భాగమునైనను కొనుటకు పూర్వము చేయవలసిన పని ఇది.

పాతదానిని నిలుపుకొన్న దేశము

పాత యంత్రముతో పని గడుపుకొనుట మన దేశమునకు కొత్త కాదు. 1959 లో వెలువడిన ఐ.బి.ఎం. 1401 వంటి యంత్రములు ఇతర దేశములలో పాతబడిన తరువాత కూడ ఇక్కడ పనిచేయుచునే ఉండెను. విదేశీ పెట్టుబడిపై వచ్చిన నిబంధనల ఫలితముగా 1978 లో ఐ.బి.ఎం. భారతదేశమును వదలి వెళ్లినపుడు, ఆ యంత్రములను బాగుచేయువారెవరు అనెడి ప్రశ్న వచ్చినది. 1975 లో స్థాపితమైన ప్రభుత్వ సంస్థ కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషను, అనగా సి.ఎం.సి., ఆ భారమును స్వీకరించెను. పరిశోధన శాఖను హైదరాబాదులో నెలకొల్పిన ఈ సంస్థ 2015 లో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌లో విలీనమైనది. అదే హైదరాబాదులో 1967 లో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్. 1969 లో టి.డి.సి. 12 అను కంప్యూటరును నిర్మించినది. యంత్రమును విప్పి చూచి, భాగమును మార్చి, నడిపించు నేర్పు తెలుగునాట ఆ తరము నుండియు ఉన్నది.

బరువు దించుట

కొత్త భాగములు కొనుటయే గాక, బరువును దించుట మరియొక మార్గము. 1991 లో ఫిన్లండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ వ్రాయ నారంభించిన లినక్స్ ఎవరికైనను ఉచితముగా లభించును. దానిపై పనిచేయు ఎక్స్.ఎఫ్.సి.ఇ. వంటి తేలికపాటి తెరలు కొద్దిపాటి ర్యాముతో తృప్తిపడును. తెలుగులో కనబడు మొదటి ఆపరేటింగ్ సిస్టమును స్వేచ్ఛ అను సంస్థ 2005 లో లినక్స్ ఆధారముగనే విడుదల చేసెను.

ఈ మార్గమునకు ఇప్పుడు ప్రాముఖ్యము హెచ్చినది. 2025 అక్టోబరు 14 తో పదవ విండోస్‌కు సాధారణ రక్షణ సవరణలు నిలిచిపోయినవి. నమోదు చేసికొన్న గృహస్థులకు మాత్రము 2026 అక్టోబరు వరకు గడువు ఇచ్చిరి. పదునొకండవ విండోస్ టి.పి.ఎం. అను భద్రతా భాగమును, కొంత కొత్త ప్రాసెసరును కోరును గనుక, చక్కగా పనిచేయుచున్న యంత్రములెన్నియో దానికి అర్హములు కాకపోయినవి. రక్షణ లేని యంత్రముతో బ్యాంకు వ్యవహారములు నడుపుట తలుపు తీసి నిద్రించుటయే. దానిని పారవేయుట కంటె లినక్స్‌కు మార్చుట మేలు. అయితే లినక్స్‌కును హద్దులున్నవి. తాను పుట్టిన 386 ప్రాసెసరుకే అది 2012 లో సెలవు చెప్పినది. పాత 32 బిట్ల యంత్రములకు నేడు లభించు రూపములు కొన్నియే. అట్టివానిపై డబ్బు వెచ్చించుట దండుగ.

ఖర్చు పెట్టవలసిన వరుస

ఇంతవరకు చూచిన చరిత్ర నుండి ఒక వరుస ఏర్పడుచున్నది. మొదట దుమ్ము తుడువవలెను, యంత్రముతోపాటు తమంతట తాము లేచి కూర్చొను అనవసర కార్యక్రమములను ఆపవలెను. ఇందులకు ఖర్చు లేదు. పిమ్మట ఇరుకును కొలిచి చూడవలెను. విండోస్‌లోని టాస్కు మేనేజరు తెరచిన ప్రాసెసరు, ర్యాము, డిస్కులలో ఏది నూటికి నూరుపాళ్లు అలసిపోవుచున్నదో కనబడును. ర్యాము నిండుచున్నచో ర్యాము కొనవలెను. ర్యాములో ఖాళీ ఉండియు డిస్కు అలసిపోవుచున్నచో ఎస్.ఎస్.డి. కొనవలెను. 2007 నాటి మూడవ తరము డి.డి.ఆర్. ర్యాము, 2014 నాటి నాలుగవ తరపు గాడిలో ఇమడదు. కావున పాత పలకను చూపి అట్టిదే అడుగవలెను. డిస్కును మార్చుటకు ముందు కుటుంబపు ఛాయాచిత్రములు, పత్రములు వేరొకచోట నకలు తీసి ఉంచుట మరువరాదు. ప్రాసెసరే అలసిపోవుచున్నచో, అప్పుడు మాత్రమే కొత్త యంత్రమును గూర్చి ఆలోచింపవచ్చును.

2022 లో ప్రపంచమంతటను పేరుకొన్న ఎలక్ట్రానిక్ వ్యర్థము 6 కోట్ల 20 లక్షల టన్నులని ఐక్యరాజ్యసమితి నివేదిక లెక్కగట్టినది. సీసము, పాదరసము వంటి విషపదార్థములు అందులో ఉన్నవి. అవి నేలలో కలిసిన, ప్రత్తి మిరప పండు నల్లరేగడికి మేలు చేయవు. ఇంకను పనిచేయగల కంప్యూటరును మరి నాలుగేండ్లు నడిపించిన కుటుంబము తన సొమ్మును మిగుల్చుకొనును, చదువుకొను బిడ్డ చేతికి ఒక సాధనమును ఇచ్చును, ఆ కుప్పను ఒక పిడికెడైనను తగ్గించును. ఇందులకు కావలసినది పెద్ద పెట్టుబడి కాదు, కాటా ఎక్కడ ఆగినదో నిదానించి చూచు చూపు.