హైదరాబాదు రాజ్యపు తపాలా బిళ్ళలు: మతచిహ్నములు, పండుగలు

తపాలా బిళ్ళ మిక్కిలి చిన్న కాగితపు ముక్క. అయినను, నాణెమును మినహాయించినచో, ప్రభుత్వము సామాన్యుని చేతికి ఇంత తఱచుగా అందించు చిత్రము వేఱొకటి లేదు. పలు మతములవారు కలసి నివసించు దేశములో ఆ చిత్రము ఎవరి దేవాలయమును, ఎవరి పండుగను చూపవలె నన్నది పాలకులకు సులభముగా తేలు ప్రశ్న కాదు. హైదరాబాదు రాజ్యము ఆ ప్రశ్నకు చెప్పిన సమాధానమెట్టిదో ఇచ్చట పరిశీలించుచున్నాము.

పరిశీలనకు ఒక గ్రామమును ఎదుట నుంచుకొనుట మేలు. రామారెడ్డి 2016లో కామారెడ్డి జిల్లాలో చేరినది; అంతకుముందు నిజామాబాదు జిల్లాలోనిది; 1948 వఱకు నిజాము పాలనలో నుండినది. ఇసన్నపల్లి-రామారెడ్డి కాలభైరవస్వామి ఆలయము ఆ ప్రాంతమున ప్రసిద్ధము. చుట్టుపట్ల పల్లెలలో బతుకమ్మయు, దసరాయు ఎంత వైభవముగా జరుగునో, పీర్ల పండుగయు అంత సందడిగా జరుగును. పీర్ల ముందు హిందువులును మ్రొక్కులు చెల్లించుట తెలంగాణమున చిరకాలపు ఆచారము. ఈ జీవితములో ఎంత భాగము రాజ్యపు బిళ్ళలపైకి ఎక్కినది?

హైదరాబాదు రాజ్యము తన తొలి బిళ్ళను 1869లో వెలువరించెను. 1950 ఏప్రిలు 1న రాజ్యపు తపాలా భారత తపాలాలో లీనమగువఱకు ఈ బిళ్ళలు చెల్లినవి. ఇవి రాజ్యములోపల మాత్రమే చెల్లునవి. వెలుపలికి పోవు ఉత్తరమునకు బ్రిటిషు ఇండియా బిళ్ళ కావలసియుండెను. కావున ఈ చిత్రములు పరదేశీయులకై గాక సొంత ప్రజలకై ఉద్దేశించినవని గ్రహింపవలెను.

బ్రిటిషు ఇండియా బిళ్ళపై చక్రవర్తి ముఖము వెలసినది. 1888 నుండి తిరువాన్కూరు బిళ్ళపై శంఖము నిలిచినది. అచ్చటి రాజు పద్మనాభస్వామికి దాసుడై రాజ్యమేలువాడు గనుక ఆ శంఖము దైవచిహ్నమే. నిజాము ఈ రెండు మార్గములను గైకొనలేదు. ఆయన ముఖము బిళ్ళపై ఎన్నడును కానరాదు; ఏ పండుగయు కానరాదు. వీనికి మాఱుగా అక్షరములు వచ్చినవి. బిళ్ళ విలువ ఉర్దూ, ఆంగ్ల, తెలుగు, మరాఠీ లిపులలో ప్రక్కప్రక్కనే ముద్రితమయ్యెను. ఒక మతమును చూపకయే పలువురు ప్రజలను గుర్తించు ఉపాయమిది.

అయితే లిపుల సమానత్వము అధికార సమానత్వము కాదు. 1880వ దశకమునుండి పరిపాలనాభాష ఉర్దూ. 1937 రజతోత్సవ బిళ్ళలలో నొకటి 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమును చూపినది. అచ్చటి బోధనాభాషయు ఉర్దూయే. రాజ్యప్రజలలో దాదాపు సగముమంది భాషయైన తెలుగునకు బిళ్ళ మూలలో దక్కిన స్థానము, కచేరీలోను కళాశాలలోను దక్కలేదు.

1931 నాటి చిత్రమాల మఱింత విచారణీయము. అందు చార్మినారు, ఉన్నత న్యాయస్థానము, ఉస్మాన్ సాగరు, అజంతా గుహల ప్రవేశము, బీదరు మదరసా, దౌలతాబాదు కోటలోని కట్టడము చేరినవి. చార్మినారు పై అంతస్తున మసీదు కలదు. కాని బిళ్ళపై అది 1591లో వెలసిన నగరమునకు గుర్తు. బీదరు మదరసా 1472 నాటిదై శిథిలమైనది. అజంతాలో బౌద్ధుల ఆరాధన ఆగి శతాబ్దములు గడచినవి. ఆ గుహలను సంరక్షించినది 1914లో ఏర్పడిన రాజ్య పురావస్తుశాఖ. గులాం యజ్దానీ రచించిన అజంతా గ్రంథపు తొలి సంపుటము 1930లో వెలువడినది. మఱుసటి సంవత్సరమే బిళ్ళ వచ్చినది. 1947-49 నడుమ వెలువడిన మూడణాల బిళ్ళపై ఓరుగల్లు కోటలోని కాకతీయ తోరణము నిలిచెను. అది శిథిలమైన స్వయంభూ శివాలయపు తోరణము. ఆ గుడిలో పూజలు ఏనాడో ఆగినవి.

వీనినుండి మేము గ్రహించిన దిది: మతము పురావస్తువైన పిమ్మటనే దానికి బిళ్ళపై చోటు దక్కినది. గంట మ్రోగు గుడియు, పీరు లేచు చావడియు వివాదమునకు తావిచ్చును. శిథిలము ఎవరిని నొప్పింపదు.

స్వతంత్ర భారతము 1949 ఆగస్టు 15న వెలువరించిన 16 బిళ్ళల మాలలోను పురావస్తుమార్గమే ప్రధానము. అజంతా, నటరాజు, సాంచి, గోల్ గుంబజు, తాజమహలు అందు కలవు. అయితే అమృతసరపు స్వర్ణాలయము, పాలీతానా జైనాలయము నిత్యారాధన గల స్థలములు. ఇచ్చట ఒక అడుగు ముందునకు పడినది. 1952లో కబీరు, తులసీదాసు, మీరా, సూరదాసు, గాలిబు, రవీంద్రుల బిళ్ళలు వచ్చినవి. దసరా, దీపావళి, క్రిస్మసు బిళ్ళలు 2008లో వచ్చినవి.

తెలుగువారు పెద్దసంఖ్యలో స్థిరపడిన అమెరికాలో మార్గము వేఱు. 1962లో క్రిస్మసు బిళ్ళ, 1996లో యూదుల హనూకా బిళ్ళ, 2001లో ఈదు బిళ్ళ, 2016లో దీపావళి బిళ్ళ వెలువడినవి. అనగా ఒక్కొక్క మతమునకు ఒక్కొక్క పాలు. దీపావళినాడు ఇంటికి ఉత్తరము వ్రాయు తెలుగువానికి ఆ దీపము కలిగించు సంతోషము తక్కువది కాదు.

అయినను ఈ పద్ధతికిని ఒక హద్దు కలదు. పాలు పంచవలెనన్నచో ముందుగా ఏది ఎవరిదో తేల్చవలెను. మన పల్లెలోని పీర్ల పండుగను ఎవరి పాలున వేయుదము? ముస్లిములదందుమా, మ్రొక్కిన హిందువు వెలియగును. ఇరువురిదందుమా, అట్టి బిళ్ళకు పేరు పెట్టుట కష్టము. నిజాము రాజ్యము పండుగలన్నిటిని విడిచినది. నేటి ప్రభుత్వములు పండుగలను పంచుచున్నవి. కలిసి చేసికొను పండుగ ఈ రెండింటికిని అందలేదు. సహజీవన చరిత్రకు బిళ్ళలను ఆధారముగా గొను పరిశోధకుడు వానిపై నున్న చిత్రములతో తృప్తిపడక, అవి చూపలేకపోయిన గ్రామ జీవితమును గూడ వెదకవలెనని మా అభిప్రాయము.