కాదనలేని పందెం

స్పెయిన్‌లో డిసెంబర్ వస్తే చాలు, ఏడాది పొడుగునా లాటరీ కొట్టు వైపు కన్నెత్తి చూడని మనిషి కూడా క్రిస్మస్ లాటరీ టికెట్ ముక్క ఒకటి కొని పర్సులో దాచుకుంటాడు. అడిగితే తనకు జూదం గిట్టదనే అంటాడు. ఆ మాటా నిజమే. మరెందుకు కొన్నట్టు? దురాశ అని తేల్చేయడం తేలిక. నా మటుకు ఇందులో ఆశ కన్నా మొహమాటం పాలే ఎక్కువ. జూదం అనర్థాలకు మూలమని విదురుడితో అంటూనే, పిలిచాక కాదనకూడదని హస్తినకు బయల్దేరిన ధర్మరాజు మనకు కొత్తవాడు కాడు. స్పెయిన్ ఖజానా రెండు వందల ఏళ్లుగా నమ్ముకున్నది సరిగ్గా ఆ కాదనలేనితనాన్నే.

నెపోలియన్ సేనలు కాదిస్ రేవును ముట్టడించి కూర్చున్న రోజుల్లో, యుద్ధానికి డబ్బు కావాలి, జనం మీద కొత్త పన్ను వేసే వీలు లేదు. సిరియాకో గొన్సాలెస్ కార్వహాల్ అనే అధికారి లాటరీ పెడదామన్నాడు. మొదటి డ్రా 1812 మార్చి 4న తీశారు. స్పెయిన్ తొలి రాజ్యాంగం అదే ఊళ్లో పదిహేను రోజుల తర్వాత వెలువడింది. ఒకే ముట్టడిలో పుట్టిన ఈ రెండింటిలో రాజ్యాంగాన్ని రాజు రెండేళ్లకే రద్దు చేశాడు, లాటరీ మాత్రం ఆగలేదు. అంతర్యుద్ధంలో దేశం రెండుగా చీలినప్పుడు, 1938లో, రెండు పక్షాలూ వేరువేరుగా క్రిస్మస్ డ్రా తీశాయి. ఒకరినొకరు చంపుకుంటున్నవాళ్లు కూడా దీన్ని వదులుకోలేదంటే, దీన్ని కేవలం జూదం అనడానికి నాకు మనసొప్పదు.

దీని బలం పంచుకోవడంలో ఉంది. పూర్తి టికెట్ 200 యూరోలు. దాన్ని పది ముక్కలు చేసి, 'దేసిమో' అనే ఒక్కో ముక్కను 20 యూరోలకు అమ్ముతారు. ఆఫీసులో అందరిదీ ఒకే నంబరు, వీధి చివర కాఫీ బారులో ఇంకో నంబరు, పిల్లల బడిలో మరొకటి. దేసిమోను కూడా చిల్లర వాటాలు చేసి సంఘాలు ఇల్లిల్లూ తిరిగి అమ్ముతాయి. చూస్తే మన చీటీలు గుర్తొస్తాయి. తెలిసినవాళ్లు అడిగితే కాదనలేక చీటీలో చేరేవాళ్లు మనకూ ఎందరో. కానీ చీటీలో ముందో వెనకో అందరి వంతూ వస్తుంది. వేసిన డబ్బు పాట తగ్గింపులు పోను చేతికందుతుంది. అవసరం ముంచుకొచ్చినవాడు తగ్గించి పాడుకుంటే, ఆగగలిగినవాడికి నాలుగు రూపాయలు మిగులుతాయి. ఇక్కడ వంతు లేదు, లక్ష నంబర్లలో పెద్ద బహుమతి ఒక్కదానికే. పదిమందీ కలిసి చేరడం ఒకటే రెండింటికీ పోలిక.

లెక్క తెలిసినవాళ్లు ఇది మోసమంటారు. అమ్మకాల్లో 70 శాతమే బహుమతులుగా తిరిగొస్తుంది. ఒక్కో దేసిమోకు వచ్చే 4 లక్షల యూరోల పెద్ద బహుమతిలోనూ పన్ను పోగా మిగిలేది 3,28,000. లాటరీ పేదవాడి మీద చాటుగా వేసే పన్ను అన్న మాటనూ నేను కొట్టిపారేయలేను. మన రెండు రాష్ట్రాల్లో లాటరీ టికెట్ల అమ్మకం లేకపోవడం మంచిదనే నా నమ్మకం. అయినా ఆ లెక్క ఇష్టంలేకుండా కొనేవాడి మనసును పట్టుకోలేదు. అతని పగటికల రాజభోగాల గురించి కాదు. స్పెయిన్‌వాళ్ల మాటలో చెప్పాలంటే 'చిల్లులు పూడ్చుకోవడం': ఇంటి అప్పు, కూతురి చదువు. ఆ కల వెనకే ఒక భయం ఉంటుంది, పక్కవాళ్లందరికీ తగిలి తను మిగిలిపోతానేమోనని. 2011లో సోదేతో అనే కుగ్రామంలో గృహిణుల సంఘం అమ్మిన నంబరుకే పెద్ద బహుమతి తగిలింది. సుమారు 70 ఇళ్ల ఊరు. వాటా అమ్మడానికి సంఘంవాళ్లు తలుపు తట్టడం మరిచిపోయిన ఇల్లు ఒక్కటే. డ్రా తీసే డిసెంబర్ 22 పొద్దున సాన్ ఇల్దెఫోన్సో బడి పిల్లలు చెక్క గోళీల మీది నంబర్లను రాగం తీసి పాడుతుంటే, ఈ దేశంలో చాలామంది వినేది తమ నంబరు కోసమే కాదు, ఆ ఒక్క ఇల్లు తమది కాకూడదని కూడా.