అవినీతి, భ్రష్టాచారము: రెండు మాటల కథ

షోలాపూరున కొంతం చౌక్ పరిసరములలో స్థిరపడిన మన కుటుంబములకు ఇంట తెలుగు, వీధిని మరాఠీ. మరాఠీ పత్రిక చదువుచున్న మనుమడు "భ్రష్టాచార్" అన్నచో, అతని మనస్సున లంచము పుచ్చుకొన్న అధికారి మెదలును. వినుచున్న నాయనమ్మకు ఆచారము తప్పినవాడు తోచును. ఈ భేదము ఎట్లు కలిగినదో కొంచెము విచారింతము.

భ్రష్టమనగా జారిపడినది. మన "ఆచారభ్రష్టుడు" అను మాటలోను, మరాఠీ, హిందీ భాషల "భ్రష్టాచార్" అను మాటలోను ఉన్న పదములు రెండును అవియే. వరుస మాత్రము తారుమారైనది. తెలుగున అది మడికి, కుల కట్టుబాటునకు అంటిపెట్టుకొని నిలిచినది. ఆ భాషలలో అధికారమును అమ్ముకొనుటకు పేరైనది. అందుకు తెలుగువారు వాడుకొన్న మాట అవినీతి.

అవినీతి యనగా నీతి లేకపోవుట యని పలువురు తలంతురు. నిజమునకు అది వినీతికి వ్యతిరేకము. వినీతి, వినయము ఒకే ధాతువునుండి పుట్టినవి. శిక్షణము, అణకువ అని వాని భావము. కౌటిల్యుని అర్థశాస్త్రమున మొదటి అధికరణమునకు పేరు వినయాధికారికము. ఉద్యోగులు రాజధనము హరించు 40 విధములను ఆ గ్రంథము రెండవ అధికరణమున గాని లెక్కింపదు. ముందు శిక్షణము, పిమ్మట నేరవిచారణ!

నేటి కార్యాలయముల పేళ్లును గమనింపదగినవి. లంచగొండులను పట్టు శాఖకు తెలుగు రాష్ట్రములలో అవినీతి నిరోధక శాఖ యని పేరు. మహారాష్ట్రమున లాచలుచపత ప్రతిబంధక విభాగము. ఈ "లాచ" మన లంచమునకు తోబుట్టువే. ఒక పేరు చేతిలో పడిన సొమ్మును చూపును; మరియొకటి ఆ మనిషి నడవడిని చూపును.

మరియొక మాట కలదు. మన పూర్వులు కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి, నిజాము పాలన నాటనే, నేతపనికై ఇటు వచ్చిరి. నిజాము కచేరీలలో పారసీ, పిమ్మట ఉర్దూ చెల్లెడివి. "మామూలు" అట్టి కచేరీ మాట. అరబ్బీ మూలమున దానికి ఆచరణలో నున్నది, వాడుకైనది అని అర్థము. క్రమముగా అలవాటు చొప్పున ముట్టజెప్పు లంచమే మామూలైనది. తప్పునకు అలవాటని పేరు పెట్టినచో, సిగ్గుపడవలసిన పని తప్పును.

ఈ విచారము మనకేల? ఎక్కడనో నేసిన దుప్పటిని షోలాపూరు చద్దరని అమ్మువానిని మనము ఏమనుచున్నాము? దినమంతయు బీడీలు చుట్టిన స్త్రీ తెచ్చిన కట్టలలో మంచివానిని సైతము చెడినవని తీసివేసి, కూలి తగ్గించువానిని ఏమనుచున్నాము? అతడు ప్రభుత్వోద్యోగి కాడు గనుక భ్రష్టాచారి యనము. పండుగలు, పూజలు తప్పడు గనుక ఆచారభ్రష్టుడనము. గడుసువాడని మెచ్చుకొనుటయు కలదు!

అవినీతి యను మాటకు గల అసలు అర్థము ఇట్టివారిని విడువదు. అది కచేరీలోనే పుట్టదు. ఇంటను, మగ్గము కడను, అంగడిలోను శిక్షణము లోపించినచోట పుట్టును. మన పిల్లలు బయటివారి తప్పులు చెప్పుటకు మరాఠీ మాటను ఎట్లును నేర్చుకొందురు. మన తప్పులు మనము ఎంచుకొనుటకు ఈ తెలుగు మాటను వారికి అర్థముతో కూడ అప్పగింతము.