తలిచారు సరే, నిలిచిందా?

ఈ వారం నేను మాట్లాడబోయే విషయం పేరు వినగానే కొందరు రేడియో కట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోతారేమో! పరిశోధన పత్రాలు, వాటిని ఎవరు ఎన్నిసార్లు ఉదహరించారన్న లెక్కలు, వాటి చరిత్ర. ఇదీ విషయం. ఒక్క పావుగంట ఓపిక పట్టండి. మన ఇళ్ళల్లో పీహెచ్.డి.లు చేస్తున్న పిల్లలు ఉన్నారు కాబట్టి ఇది మన కథ కూడా.

నేను ఇక్కడ అమెరికాలో ఒక యూనివర్సిటీ లైబ్రరీలో చాలా ఏళ్ళు రిఫరెన్సు డెస్కు దగ్గర పనిచేసి రిటైరయ్యాను. ఇప్పటికీ గుళ్ళోనో, పుట్టినరోజు పార్టీలోనో మన పిల్లలు పక్కకి పిలిచి అడుగుతుంటారు, "ఆంటీ, నా సైటేషన్లు తక్కువగా ఉన్నాయని లాయరుగారు అంటున్నారు, ఏం చెయ్యాలి?" అని. ప్రతిభ ఆధారంగా గ్రీన్ కార్డు అడిగేవాళ్ళ కాగితాల్లో గూగుల్ స్కాలర్ పేజీ జతచేయడం ఆనవాయితీ అయిపోయింది. ఇన్ని సైటేషన్లు ఉండాలని చట్టంలో ఎక్కడా లేదు. అయినా ఆ అంకె ఎంత పెద్దదైతే అంత ధైర్యం. ఉద్యోగమూ అంతే, ప్రమోషనూ అంతే. అసలు ఈ అంకె ఎక్కడ పుట్టింది, అది నిజంగా దేన్ని కొలుస్తుంది అన్నది సోషల్ సైకాలజీ, అంటే సాంఘిక మనస్తత్వ శాస్త్రం, ఉదాహరణగా చెబుతాను. ఆ శాస్త్రమే ఎందుకంటే, తన పద్దు పుస్తకాలను నలుగురిలో తెరిచి తప్పొప్పులు చూసుకున్న శాస్త్రాల్లో అది ముందు వరసలో ఉంది.

ముందు సైటేషన్ అంటే ఏమిటో ఒక మంచి ఉదాహరణతో మొదలుపెడతాను. 1934 జనవరిలో బీహారులో పెద్ద భూకంపం వచ్చింది. ఆ తర్వాత జమునా ప్రసాద్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, భూమి కంపించినా పెద్దగా నష్టం జరగని ఊళ్ళలో తిరిగిన పుకార్లను సేకరించి, 1935లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకాలజీలో వ్యాసం రాశారు. ఇంతకంటే పెద్ద ఉపద్రవం రాబోతోందని ఆ పుకార్లు. ప్రాణాలతో బయటపడ్డవాళ్ళు తమను తాము ఇంకా భయపెట్టుకోవడం ఎందుకు? అమెరికాలో లియోన్ ఫెస్టింగర్‌కి ఈ ప్రశ్న పట్టుకుంది. భయం అప్పటికే మనసులో ఉంది, ఆ భయానికి తగిన కారణం కోసం పుకారు పుట్టింది అని ఆయన ఊహ. ఆ ఊహే పెరిగి 1957లో కాగ్నిటివ్ డిసొనెన్స్ సిద్ధాంతం అయింది. సోషల్ సైకాలజీలో అంత పేరు పొందిన సిద్ధాంతాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. తన ఆలోచన ఎక్కడ మొదలైందో ఫెస్టింగర్ తన పుస్తకంలోనే చెప్పుకున్నారు.

సైటేషన్ అసలు పని అదీ. "ఈ ఆలోచన ఫలానావారి దగ్గర తీసుకున్నాను" అని ఋణం చెప్పుకోవడం. ప్రసాద్‌గారి వ్యాసానికి ఆ ఒక్క ఋణపత్రం చాలు. అంకెల్లో చూస్తే మాత్రం అది ఒకటి, అంతే.

మరి లెక్కపెట్టడం ఎప్పుడు మొదలైంది? దీని మూలం సైన్సులో లేదు, కోర్టుల్లో ఉంది. 1873లో ఇలినాయ్ రాష్ట్రంలో ఫ్రాంక్ షెపర్డ్ అనే ఆయన లాయర్ల కోసం ఒక సూచిక మొదలుపెట్టారు. పాత తీర్పు ఒకటి పట్టుకుంటే, దాన్ని తర్వాత ఏయే తీర్పులు ప్రస్తావించాయో వరుసగా కనిపిస్తుంది. అంతేకాదు, ఆ తర్వాతి కోర్టు పాత తీర్పును అనుసరించిందా, కొట్టేసిందా అన్నది పక్కన ఒక చిన్న అక్షరంతో గుర్తు పెట్టి ఉంటుంది. ఆ అక్షరం చూడకుండా ఏ లాయరూ జడ్జి ముందుకు వెళ్ళడు. కొట్టేసిన తీర్పును పట్టుకుని వాదిస్తే పరువు పోతుంది కదా!

ఈ పద్ధతి చూసి ముచ్చటపడిన యూజీన్ గార్ఫీల్డ్, శాస్త్రాలకు కూడా ఇలాంటి సూచిక కావాలని 1955లో సైన్స్ పత్రికలో రాశారు. ఫిలడెల్ఫియాలో సంస్థ పెట్టి 1960లలో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చారు. సాంఘిక శాస్త్రాల సూచిక 1973లో వచ్చింది. నేను లైబ్రరీలో చేరిన కొత్తలో ఆ సంపుటాలు అరల నిండా ఉండేవి. పల్చటి కాగితం, చీమ తలకాయంత అక్షరాలు, భూతద్దం లేకుండా చదవడం కష్టం. ఒక రచయిత పేరు దగ్గర వేలు పెడితే ఆయన్ని తలిచినవాళ్ళందరి పేర్లూ కింద వరుసగా ఉండేవి. ఒక ఆలోచన ఎటు ప్రయాణించిందో చూడడానికి అంతకంటే మంచి పనిముట్టు ఉండేది కాదు.

కానీ కోర్టు సూచికలో ఉన్న ఒక్క సంగతి ఇక్కడికి రాలేదు. ఆ చిన్న అక్షరం! మెచ్చుకుంటూ తలిచారా, తప్పుపడుతూ తలిచారా, ఆ ఫలితం ఇంకా నిలిచి ఉందా, కూలిపోయిందా అన్న గుర్తు ఇందులో లేదు. తలిచారు అన్నంతవరకే ఉంది. గుర్తు లేని చోట మిగిలేది లెక్కే.

ఆ లెక్కకి పేర్లు పుట్టుకొచ్చాయి. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే, ఒక పత్రిక గత రెండేళ్ళలో వేసిన వ్యాసాలను ఈ ఏడాది సగటున ఎన్నిసార్లు ఉదహరించారు అని. ఈ లెక్కలతో పత్రికల పట్టికలు 1975 నుంచి వస్తున్నాయి. ఏ పత్రికకి చందా కట్టాలో తేల్చుకోవడానికి లైబ్రరీ వాళ్ళం అవి చూసుకునేవాళ్ళం. పత్రికను తూచడానికి చేసిన తక్కెడలో తర్వాత మనుషులను కూర్చోబెట్టారు. 2004లో గూగుల్ స్కాలర్ వచ్చింది. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ కనిపెట్టారు. దాంతో ఒక మనిషి పరిశోధన జీవితమంతా ఒకే అంకెలో ఇమిడిపోయింది.

ఇప్పుడు సోషల్ సైకాలజీ పత్రికల సంగతి. 1906లో మోర్టన్ ప్రిన్స్ మొదలుపెట్టిన మానసిక రుగ్మతల పత్రిక ఒకటి 1921లో సోషల్ సైకాలజీని కూడా తన పేరులో కలుపుకుంది. మిల్‌గ్రామ్ 1963లో కరెంటు షాకుల ప్రయోగం గురించి రాసింది అందులోనే. 1965లో ఆ పత్రిక రెండుగా చీలి జర్నల్ ఆఫ్ పర్సనాలిటీ అండ్ సోషల్ సైకాలజీ పుట్టింది. ఆ రంగంలో అది పెద్దపీట. అందులో ఒక వ్యాసం పడితే ఉద్యోగం ఖాయం అనుకునే రోజులుండేవి. విచిత్రం ఏమిటంటే, ఆ పత్రిక వ్యాసాల్లో అత్యధికంగా ఉదహరింపు పొందినవాటిలో ఒకటి మనిషి మనసు గురించినది కాదు! 1986లో బారన్, కెన్నీ రాసిన గణాంక పద్ధతి అది. పనిముట్టును వాడినవాళ్ళందరూ దాన్ని తలుచుకోవాలి కదా మరి.

పెద్దపీటకి చేరాలంటే ఫలితం కొత్తగా ఉండాలి, ఆశ్చర్యం కలిగించాలి. "ఏమీ తేలలేదు" అన్న ప్రయోగాలు సొరుగుల్లోనే ఉండిపోతాయని రాబర్ట్ రోసెంథాల్ 1979లోనే హెచ్చరించారు. ఇక ప్రయోగాల్లో పాల్గొన్నదెవరయ్యా అంటే, చాలావరకు కాలేజీ పిల్లలు. 2003 నుంచి 2007 దాకా అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వారి ఆరు పత్రికలను జెఫ్రీ ఆర్నెట్ లెక్కకట్టి 2008లో ప్రచురించారు. పాల్గొన్నవాళ్ళలో 96 శాతం పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవాళ్ళు, 68 శాతం అమెరికావాళ్ళే. భూకంపం వచ్చిన బీహారు జనం నుంచి ఆలోచన తీసుకున్న శాస్త్రం, తర్వాత తన క్లాసురూము దాటి బయటికి రావడం తగ్గించేసిందన్నమాట.

ఇక ముల్లంగి కథ. 1998లో రాయ్ బామైస్టర్ బృందం 67 మంది విద్యార్థులతో ఒక ప్రయోగం చేసింది. అప్పుడే కాల్చిన చాక్లెట్ బిస్కెట్ల వాసన గది నిండా ఉంది. కొందరికి బిస్కెట్లు తినమన్నారు, కొందరికి పచ్చి ముల్లంగి మాత్రమే తినమన్నారు. తర్వాత అందరికీ ఒక చిక్కు ఇచ్చారు. దానికి జవాబు లేదు. బిస్కెట్లు తిన్నవాళ్ళు దాదాపు 19 నిమిషాలు ప్రయత్నించారు, ముల్లంగి తిన్నవాళ్ళు 8 నిమిషాలకే వదిలేశారు. అంటే నిగ్రహం పెట్రోలు లాంటిది, ఒకచోట ఖర్చు చేస్తే మరోచోటికి మిగలదు అని తేల్చారు. ఎంత బాగుంది! వేలకొద్దీ సైటేషన్లు వచ్చాయి, వందలకొద్దీ ప్రయోగాలు వచ్చాయి, పుస్తకాలు వచ్చాయి. 2016లో 23 ల్యాబులు కలిసి, రెండు వేలమందికి పైగా మనుషులతో ఇదే సిద్ధాంతాన్ని మరో ప్రయోగంతో పరీక్షిస్తే ప్రభావం దాదాపు సున్నా.

గట్టి కుదుపు అంతకు ముందే, 2011లో వచ్చింది. కార్నెల్ యూనివర్సిటీకి చెందిన డేరిల్ బెమ్, జరగబోయేది మనుషులకు ముందే తెలుస్తుందని తొమ్మిది ప్రయోగాలతో ఆ పెద్దపీట పత్రికలోనే వ్యాసం వేశారు. ఆయన వాడినవి అందరూ వాడే పద్ధతులే. దాంతో అందరికీ గుండెల్లో రాయి పడింది. ఈ పద్ధతులతో జోస్యం కూడా నిజమని తేలుతుంటే, మిగతావన్నీ ఏమైనట్టు? మరో బృందం అవే ప్రయోగాలు మళ్ళీ చేసి ఏమీ రాలేదని పంపితే, పాత ప్రయోగాల పునరావృతి మేం వేయం అని పత్రిక తిప్పి పంపింది. తర్వాత విమర్శలు పెరిగాయి, ఇంకో బృందం చేసిన పెద్ద పునఃపరీక్షను 2012లో అదే పత్రిక వేసుకుంది.

ఇక్కడ మన విశాఖపట్నం ప్రస్తావన అవసరం. అతీంద్రియ విషయాలను ప్రయోగశాలలో పరీక్షించే పారాసైకాలజీకి 1967లో ఆంధ్రా యూనివర్సిటీలో ఒక శాఖ పెట్టింది కోనేరు రామకృష్ణారావుగారు. నార్త్ కెరొలైనాలో జె.బి. రైన్ దగ్గర పనిచేసి, తర్వాత అక్కడి సంస్థకే డైరెక్టరు అయ్యారు. ఆంధ్రా యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గా కూడా పనిచేశారు. ఆ విద్యలో నిజం ఎంత అన్నది వేరే చర్చ, శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోరు. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. ఎప్పుడూ అనుమానంగా చూడబడే రంగం కాబట్టి, ఫలితం రాని ప్రయోగాలను దాచకుండా ప్రచురించాలని పారాసైకలాజికల్ అసోసియేషన్ 1975లోనే విధానంగా పెట్టుకుంది. పెద్దపీట మీద ఉన్నవాళ్ళకి ఆ అవసరం తోచడానికి ఇంకో ముప్ఫై ఆరేళ్ళు పట్టింది.

అదే 2011లో నెదర్లాండ్స్‌లో డీడెరిక్ స్టాపెల్ అనే ప్రొఫెసరు లెక్కలు సొంతంగా కల్పించి వ్యాసాలు రాస్తున్నాడని ముగ్గురు యువ పరిశోధకులు బయటపెట్టారు. 55 వ్యాసాల్లో మోసం ఉందని విచారణ కమిటీలు తేల్చాయి. నాకు అన్నిటికంటే బాధ కలిగించే అంకె ఇంకొకటుంది. పది మంది విద్యార్థుల పీహెచ్.డి. సిద్ధాంత గ్రంథాల్లో ఉన్నది కూడా ఆయన ఇచ్చిన దొంగ డేటానే. ఆ పిల్లల తప్పు లేదని కమిటీలే చెప్పాయి. కానీ ఆ ఏళ్ళు ఎవరు తిరిగి ఇస్తారు?

2015లో 270 మంది కలిసి మూడు పత్రికల్లోని 100 ప్రయోగాలను మళ్ళీ చేశారు. అసలు వ్యాసాల్లో 97 శాతం ఫలితం వచ్చిందని చెప్పగా, మళ్ళీ చేస్తే వచ్చింది 36 శాతమే. సోషల్ సైకాలజీ విడిగా చూస్తే దాదాపు పాతిక శాతం. అయితే కూలినవాటిని తలవడం మానేశారా? 2021లో సెర్రా-గార్సియా, నీజీ అనే ఇద్దరు సైకాలజీ, ఎకనామిక్స్ పత్రికల్లోనూ, నేచర్, సైన్స్‌లలోనూ వచ్చిన వ్యాసాలను పోల్చి చూశారు. మళ్ళీ చేస్తే నిలవని వ్యాసాలకే నిలిచినవాటికంటే సగటున 153 సైటేషన్లు ఎక్కువ. నిలవలేదని తేలాక వచ్చిన సైటేషన్లలో ఆ సంగతి చెప్పినవి 12 శాతమే. కొట్టేసిన తీర్పును పట్టుకుని వాదించడం అంటే ఇదే మరి. ఇక్కడ ఆపే జడ్జి లేడు.

మార్పు రాలేదని అనను. అంకెలతో మనుషులను తూచవద్దని 2012లో శాన్ ఫ్రాన్సిస్కోలో తయారైన ప్రకటన మీద ఎన్నో సంస్థలు సంతకం చేశాయి. ప్రయోగం చేయకముందే పద్ధతిని సమీక్షించి, ఫలితం ఏదైనా ప్రచురిస్తామని మాటిచ్చే పత్రికలు 2013 నుంచి పెరుగుతున్నాయి. ఈ మార్పులు తెచ్చినవాళ్ళలో సోషల్ సైకాలజిస్టులు చాలామంది ఉన్నారు. సొంత ఇంటి పునాది తవ్వి చూసుకోవడం చిన్న ధైర్యం కాదు.

మన పిల్లలకి నేను చెప్పేది ఇది. లాయరుగారికి కావలసిన అంకె ఇవ్వండి, అది బతుకుతెరువు, అందులో తప్పులేదు. కానీ మీరు ఒక వ్యాసాన్ని ఉదహరించేటప్పుడు దానికి ఎన్ని సైటేషన్లు ఉన్నాయని చూసి ఊరుకోకండి. దాన్ని ఎవరైనా మళ్ళీ చేసి చూశారా, ఏం తేలింది అని ఒక పూట వెతకండి. వెతికింది మీ వ్యాసంలో ఒక వాక్యంగా రాయండి. ఆ చిన్న అక్షరాన్ని గార్ఫీల్డ్ సూచిక వదిలేసింది. దాన్ని ప్రస్తుతానికి చేత్తో పెట్టాల్సింది మీరే. మీ పని మళ్ళీ చేసి ఎవరైనా వేరే ఫలితం చూపిస్తే, వాళ్ళనీ ఉదహరించండి. అదీ ఋణమే.