ఇంజను దించే వరుస – మల్లాపూర్ వర్క్‌షాపు చరిత్రలో ఒక పుట

ప్రత్యేక సంచికకు మన వర్క్‌షాపు చరిత్ర నుంచి ఏదైనా వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. అధికారుల గురించి, ప్రారంభోత్సవాల గురించి ఇతర మిత్రులు వ్రాస్తారు. నేను 1976 నుంచి 2012 వరకు షెడ్డులోనే పనిచేసినవాణ్ణి. కనుక పాత ట్రాక్టరు ఇంజనును ప్రమాదం లేకుండా దించడం మనం ఎలా నేర్చుకున్నామో వ్రాస్తాను. ఆ పాఠానికి మనలో ఒకడు తన కాలితో మూల్యం చెల్లించాడు.

మన దేశంలో తొలి రోజుల్లో ట్రాక్టరు చాలావరకు ప్రభుత్వం చేతిలోని యంత్రమే. 1947లో ఏర్పడిన కేంద్ర ట్రాక్టరు సంస్థ, యుద్ధంలో మిగిలిన అమెరికన్ యంత్రాలతో మధ్య భారతంలో రెల్లుగడ్డి పట్టిన భూములు దున్నించింది. ఆ పనికి 1949లో ప్రపంచ బ్యాంకు కోటి డాలర్ల అప్పు ఇచ్చింది. స్వదేశీ తయారీ 1959లో ఫరీదాబాద్‌లో ఐషర్‌తో మొదలైంది. 1960లో మద్రాసులో టాఫే, 1963లో బొంబాయిలో మహీంద్రా వారి ఇంటర్నేషనల్ ట్రాక్టర్ కంపెనీ ఏర్పడ్డాయి. 1971లో పింజోర్‌లో హెచ్.ఎం.టి. జెటార్ తయారీ ప్రారంభమైంది. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలాక నల్లగొండ జిల్లా రైతులు కూడా ట్రాక్టర్ల వైపు చూశారు. ఆ బండ్లు పాతబడ్డాక ఎల్.బి.నగర్ మీదుగా, భువనగిరి, ఘట్‌కేసర్ వైపువి వరంగల్ రోడ్డున ఉప్పల్ మీదుగా మన షెడ్డుకు చేరేవి. అప్పటి మల్లాపూర్ ఇంకా గ్రామమే. గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది 2007లో.

ఇక అసలు సంగతి. లారీకి చట్రం ఉంటుంది. ఇంజను పైకి లేపినా బండి తన నాలుగు చక్రాల మీద నిలిచే ఉంటుంది. చాలా వ్యవసాయ ట్రాక్టర్లకు చట్రమే లేదు. 1917లో అమెరికాలో హెన్రీ ఫోర్డు తెచ్చిన ఫోర్డ్‌సన్‌లో ఇంజను, గేరుపెట్టె, వెనుక ఇరుసుల పోత ఇనుప పెట్టెలను ఒకదానికొకటి బోల్టులతో బిగించి, వాటినే బండికి వెన్నెముకగా చేశారు. 1946 నుంచి ఇంగ్లండులోని కొవెంట్రీలో తయారైన ఫెర్గూసన్, దాని సంతతి అయిన మాసీ ఫెర్గూసన్, మన జెటార్ అన్నీ ఆ దారినే నడిచాయి. అందువల్ల వీటి ఇంజను దించడమంటే బండిని నడుము దగ్గర రెండుగా విడదీయడమే.

1970లలో మన షెడ్డులో క్రేను లేదు. మూడు ఇనుప గొట్టాలు కట్టిన ముక్కాలి, ఒక చైన్ కప్పీ, రెండు జాకీలు, కొన్ని చెక్క దిమ్మెలు, అంతే సరంజామా. 1979 వేసవిలో ఒక బండిని విడదీసి, ముందు భాగాన్ని దొర్లించడానికి గొలుసు సడలించారు. అది ఒక్కసారిగా పక్కకు ఒరిగి ఖలాసీ కాలి మీద పడింది. అతనిది మల్లాపూరే, వయసు ఇరవై నాలుగు. మోకాలి కింది భాగం తీసివేయవలసి వచ్చింది.

గొలుసు తెగలేదు, కప్పీ చెడలేదు. మరి ఎందుకు ఒరిగింది? మరునాడు మా పెద్ద మిస్త్రీ అందరినీ బండి ముందు కూర్చోబెట్టి చూపించాడు. ట్రాక్టరు ముందు ఇరుసు మధ్యలో ఒకే పిన్ను మీద త్రాసు దండెలా ఊగుతుంది. గట్లు దాటేటప్పుడు నాలుగు చక్రాలూ నేలను అంటి ఉండాలని అలా చేస్తారు. వెనుక భాగంతో కలిసి ఉన్నంతసేపు ఫరవాలేదు. విడిపోయిన క్షణం నుంచి ముందు భాగాన్ని నిటారుగా నిలిపేది ఏదీ లేదు.

ఆ రోజే షెడ్డు గోడ మీద ఎర్ర రంగుతో వరుస వ్రాయించాడు. బండి చదునైన సిమెంటు నేల మీద ఉండాలి. హ్యాండ్‌బ్రేకు వేసి, వెనుక చక్రాలకు ముందూ వెనుకా దిమ్మెలు పెట్టాలి. బ్యాటరీకి ముందుగా ఎర్తు తీగ విప్పాలి. ప్లస్సు ముందు విప్పితే పానా ఇనుముకు తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. నీళ్ళు, ఆయిలు దించి, డీజిలు గొట్టాల మూతులు బిగించాలి. ముందు ఇరుసుకూ దాని పైనున్న పోత ఇనుముకూ మధ్య రెండు ప్రక్కలా చెక్క చీలలు దిగగొట్టాలి. గేరుపెట్టె కింద ఒక స్టాండు, ఇంజను కింద ఒకటి ఉండాలి. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. ఇవన్నీ అయ్యాకే హౌసింగ్ బోల్టులు విప్పాలి. రెండు భాగాలూ ఒకే ఎత్తున, తిన్నగా విడిపోవాలి. ఇంజను క్లచ్చు షాఫ్టు మీద వేలాడరాదు. సందులో వేళ్ళు పెట్టరాదు, కింద దూరరాదు.

విడదీశాక ఇంజనును పైకెత్తే గొలుసుకూ ఒక లెక్క ఉంది. రెండు గొలుసుల మధ్య కోణం 60 డిగ్రీలుంటే ఒక్కొక్కదాని మీద బరువులో 58 శాతం లాగుడు పడుతుంది. 120 డిగ్రీలైతే ఒక్కొక్కటీ మొత్తం బరువంత భరించాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షను, ఎత్తే గొలుసులను, కప్పీలను కనీసం 12 నెలలకొకసారి నిపుణుని చేత పరీక్ష చేయించాలనీ, నిర్ణీత బరువు మించరాదనీ చెప్పింది. చీల సంగతి మాత్రం మాకు మిస్త్రీయే చెప్పాడు.

ఆ తర్వాత నా పదవీ విరమణ వరకు మన షెడ్డులో అటువంటి ప్రమాదం మళ్ళీ జరగలేదు. కాలు పోయిన ఆ మిత్రుడు స్టోరులో పనిచేసి, ఎవరైనా ఇంజను పనికి సామాను అడిగితే చీలలు చేతికిచ్చాకే గొలుసు ఇచ్చేవాడు. ఇప్పుడు ట్రాక్టరును విడదీయడానికి చక్రాల స్టాండ్లు దొరుకుతున్నాయి. అయినా ఇరుసు ఆ పిన్ను మీదే ఊగుతోంది.

గోడ మీది ఆ వరుసకు తరువాత సున్నం వేశారు. అందుకే అది అచ్చులో మిగలాలని ఇక్కడ వ్రాశాను. మన సభ్యుల పిల్లలు, శిష్యులు షెడ్లు నడుపుతున్నట్లయితే ఈ పుటను కత్తిరించి గోడకు అంటించమని వారికి చెప్పవలసిందిగా నా మనవి.