గుంటూరు గ్రహణం నుంచి సూర్యుడి ఫోటో దాకా

ధరలు, తెగుళ్ళు రోజూ ఉండేవే. ఈరోజు కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. సూర్యుడి ఫోటోల చరిత్రలో మన గుంటూరు పేరుందని మీలో ఎంతమందికి తెలుసు?

1868 ఆగస్టు 18 ఉదయం సంపూర్ణ సూర్యగ్రహణం. పూర్తి చీకటి ఉండేది ఐదు నిమిషాల పైచిలుకు. దానికోసం సముద్రాలు దాటి వచ్చారు. ఫ్రాన్సు నుంచి జాన్సెన్, ఇంగ్లీషు సైన్యం ఇంజినీరు మేజర్ టెనెంట్ ఇద్దరూ గుంటూరులోనే దిగారు. ఆగస్టు అంటే మనకి వానాకాలం. మబ్బు పడితే నెలల కష్టం గంగలో కలిసినట్టే. కోతకొచ్చిన చేను మీద మబ్బు చూసిన మనకి ఆ గుబులు వేరే చెప్పాలా?

టెనెంట్ బృందం టెలిస్కోపుకి కెమెరా కట్టింది. ఇప్పట్లా నొక్కితే పడే ఫోటో కాదు. గాజు పలకకి మందు పూసి, తడి ఆరకముందే ఫోటో తీసి కడగాలి. మన ఎండకి తడి ఎంతసేపు నిలుస్తుంది చెప్పండి! సరిగ్గా ఆ వేళకి పల్చటి మబ్బు అడ్డొచ్చింది. అయినా ఆరు పలకలు తీశారు. సూర్యుడి అంచున లేచిన జ్వాలలు వాటిమీద పడ్డాయి.

జాన్సెన్ ఇంకో అడుగు ముందుకేశాడు. వెలుగుని రంగులుగా విడదీసే పరికరంతో ఆ జ్వాలల్ని చూసి, ఇంత కాంతి ఉంటే గ్రహణం లేకుండా కూడా చూడొచ్చు కదా అనుకున్నాడు. మర్నాడే గుంటూరులోనే చూశాడు. ఒక్క వాన మీద ఆధారపడ్డవాడికి బోరు పడ్డట్టయింది.

తర్వాత ఆయన పారిస్ దగ్గర మ్యూడాన్ లో ఏళ్ళ తరబడి సూర్యుడి ఫోటోలు తీశాడు. అక్కడ అడ్డం మబ్బు ఒక్కటే కాదు, వేడి గాలి కూడా. మిట్టమధ్యాహ్నం తారు రోడ్డు మీద గాలి అల్లాడటం చూస్తాం కదా, టెలిస్కోపులో సూర్యుడూ అలాగే వణుకుతాడు. దానికి జాన్సెన్ పట్టిన ఉపాయం, సెకనులో వెయ్యోవంతు కంటే తక్కువ సేపు వెలుగు పడనివ్వడం. గాలి కదిలేలోపే ఫోటో అయిపోతుంది. అలా సూర్యుడి ఒంటి మీద గింజలు గింజలుగా ఉండే రూపు స్పష్టంగా దొరికింది. అప్పటి శాస్త్రవేత్తలు కొందరు వాటిని బియ్యపు గింజలతో పోల్చారు. ఒక్కో గింజ దాదాపు వెయ్యి కిలోమీటర్ల వెడల్పు!

ఇప్పుడు సరదాకి తీసేవాళ్ళూ అదే దారి. వీడియో తీసి, వేల బొమ్మల్లో గాలి నిలిచిన క్షణాలవి ఏరి కలుపుతారు. విత్తనం ఏరినట్టే. నేల వేడెక్కకముందు పొద్దున్నే తీస్తే మేలు. నీటి పక్కన గాలి నిలకడగా ఉంటుంది. ఉదయపూర్ లో సూర్యుణ్ణి చూసే కేంద్రాన్ని చెరువు మధ్య లంకలో కట్టింది అందుకే. మనకైతే చెరువు గట్టు ఉండనే ఉంది.

ఒక్క మాట మాత్రం మర్చిపోవద్దు. టెలిస్కోపు ముందు మూతి మీద సూర్యుడి కోసమే చేసిన ఫిల్టరు లేకుండా కన్ను పెడితే చూపు క్షణంలో పోతుంది, తిరిగి రాదు. కన్ను పెట్టే వైపు బిగించే చిన్న ఫిల్టర్లు వేడికి పగులుతాయి, వాటిని నమ్మొద్దు. బైనాక్యులర్ తో సూర్యుణ్ణి చూడబోయే పిల్లల్నీ ఆపండి.

గుంటూరు కథ మీ ఇంట్లో చదువుకునే పిల్లలకి చెప్పండి. సైన్సంటే ఎక్కడో దూరాన జరిగేదనుకుంటారు. మన మిర్చి నేల మీద కూడా జరిగింది.